ఊపిరెడు గాలి తక్కువ

మా మైదానంలో బంతులకు గాలి నింపడానికే ఒక మనిషిని పెట్టారంటే బయటివాళ్లు నవ్వుతారు. నవ్వనీయండి. నేను అదే మైదానంలో ముప్పై ఒక్క ఏళ్లు సున్నంతో గీతలు గీశాను. అదీ ఒక ఉద్యోగమేనా అని మా మామగారు పెళ్లికి ముందు అడిగాడు. గీత బెత్తెడు పక్కకు పోతే ఓడినవాడు గెలుస్తాడండీ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు గానీ పిల్లనైతే ఇచ్చాడు.

గాలి నింపే ఆయన్ని చిన్నా పెద్దా అందరూ గాలి బాబాయి అనేవాళ్లు. నాకంటే రెండేళ్లు చిన్నవాడైనా నేనూ అలాగే పిలిచేవాణ్ణి. పొట్టి మనిషి, తొందరగా బట్టతల వచ్చింది, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట పంపు సూదులు నాలుగు. ప్రేక్షకులు కూర్చునే మెట్ల కింద ఆయన గది. మెట్లు ఎటు దిగితే కప్పూ అటే దిగుతుంది కాబట్టి లోపలికి వెళ్లేకొద్దీ వంగాలి. ఆయన వంగక్కర్లేదు, నేను వంగాలి. ఎన్నిసార్లు నెత్తి బొప్పి కట్టిందో లెక్కలేదు. గోడ పొడవునా మూడు అరలు. కింద ఫుట్‌బాళ్లు, మధ్యలో బాస్కెట్‌బాళ్లు, పైన వాలీబాళ్లు. ఒక ముక్కాలి పీట, కాలితో తొక్కే పంపు, సూదులు తడపడానికి డబ్బాలో నీళ్లు, మేకుకు వేలాడే గాలి కొలిచే గేజి, దాని మీద ఒక్కో రకం బంతికి ఒక్కో ఎర్రగీత.

ఆ గేజి చాలాకాలం మేకుకే ఉండిపోయింది. గాలి బాబాయి బంతిని మోకాలి మీద పెట్టుకుని, కుడిచేతి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, ఎటో గోడవైపు చూసేవాడు. "రెండు పంపులు తక్కువ" అనేవాడు. రెండు పంపులు తొక్కి గేజి పెడితే ముల్లు సరిగ్గా ఎర్రగీత మీద నిలబడేది. కొత్తగా వచ్చిన ప్రతి కోచ్ ఆయనకు పరీక్ష పెట్టేవాడు, పెట్టినవాడల్లా మా ఇద్దరికీ టీ ఇప్పించేవాడు. ఆ బొటనవేలి పుణ్యాన నేను తాగిన టీలు తక్కువేం కాదు.

అలాంటి మనిషి ఇరవై రెండేళ్ల కిందట ఒక రోజు నుంచి ఆ వేలు బంతి మీద పెట్టడం మానేశాడు. ఎందుకు మానేశాడో నాకొక్కడికే తెలుసు. తెలిసీ నోరు మూసుకోమని చెప్పింది నేనే కాబట్టి ఇందులో నా పాలు కూడా ఉంది.

ముందు బంతుల సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే ఆయన చేసింది ఎంత పనో అర్థం కాదు.

ఒకసారి ఆటగాళ్లు వాదనకు దిగారు. ఒకే రకం ఫుట్‌బాళ్లు రెండు. ఒకదాంట్లో గాలి నిండుగా ఉంది, రెండోదాంట్లో సగానికి దిగింది. తన్ని చూసిన ప్రతివాడూ మెత్తబంతే బరువన్నాడు. కాలు లాగేస్తోందన్నాడు ఒకడు. నేనూ తన్నాను, నాకూ అలాగే అనిపించింది. గాలి బాబాయి ఆఫీసుకు వెళ్లి ఉత్తరాలు తూచే త్రాసు తెచ్చాడు. బంతి దొర్లిపోకుండా టీ సాసరు బోర్లించి దాని మీద పెట్టాడు. గట్టిబంతి మూడు నాలుగు గ్రాములు ఎక్కువ తూగింది. మావాళ్లు నోళ్లు తెరిచారు. త్రాసు చెడిపోయిందన్నాను నేను.

"త్రాసు బాగానే ఉంది. నీకే తెలియడం లేదు" అన్నాడాయన. "గాలికీ బరువుంటుంది. ఎక్కువ కూరితే ఎక్కువ బరువు. అది త్రాసుకు తెలుస్తుంది. మీ కాలికి తెలిసేది బరువు కాదు, బిగువు. బిగువుగా ఉన్న బంతి తగిలీ తగలగానే వెళ్లిపోతుంది, తేలికగా ఉందంటారు. మెత్తబంతి కాసేపు మీ దగ్గర కూర్చుని పోతుంది, బరువంటారు."

ఇంకోసారి పోటీల కోసం బంతులన్నీ బస్సులో వేసుకుని కొండమీది ఊరికి వెళ్లాం. ఇక్కడ సరిచూసి మూట కట్టిన బంతులు అక్కడ దించేసరికి గట్టిపడి కూర్చున్నాయి. గేజి కూడా ఎక్కువే చూపించింది.

"నువ్వు గురకపెడుతుంటే దారిలో ఎవడో పంపు కొట్టాడయ్యా" అన్నాను.

"లోపలి గాలి అంతే ఉంది. ఈ ఎత్తులో బయటి గాలి పల్చబడింది. బయటినుంచి అదిమేది తగ్గేసరికి లోపలిది రొమ్ము విరుచుకుంటోంది. మనుషుల్లోనూ అంతే" అన్నాడు.

మా మేస్త్రి సెలవులో ఉండి, పదిరోజులుగా నేను పెత్తనం చెలాయిస్తున్న కాలం అది. ఆ చివరి ముక్క నన్ను ఉద్దేశించే అన్నాడని నాకు ఇప్పటికీ అనుమానం.

చలికాలం పొద్దున్నే ఆయన బంతుల్ని గుమ్మం బయట అరగంట ఉంచి, ఆ తర్వాతే వేలు పెట్టి చూసేవాడు. గది వెచ్చదనంలో సరిగ్గా ఉన్న బంతి బయట చలికి మెత్తబడుతుంది, ఎండలో పడేస్తే బిగుస్తుంది. ఇవన్నీ ఆయనకు మనకు ఆకలి తెలిసినంత మామూలుగా తెలుసు. ఇంత తెలిసినవాడు ఆ తప్పు ఎలా చేశాడని మీరు అడగవచ్చు. తెలిసినవాడు కాబట్టే చేశాడు. నాబోటివాడికైతే ఆ ఆలోచనే రాదు.

ఆయనకు ఒక చెల్లెలు. ఆయన కంటే పంతొమ్మిదేళ్లు చిన్న. ఆ పిల్లకు నాలుగేళ్లప్పుడు తల్లి పోయింది, తండ్రి అంతకుముందే లేడు. జడ వేయడం దగ్గరనుంచి అన్నీ ఈయనే. మనిషి ఇంతే, నడక కాదు గెంతులే, అందుకని పిచ్చుక అని పేరు పెట్టింది నేనే. ఆ పిల్ల నన్ను సున్నం అన్నయ్య అని పిలిచి బదులు తీర్చుకుంది. పెళ్లి మాట ఎత్తితే గాలి బాబాయి, పిచ్చుక ఒక దారిలో పడ్డాక చూద్దాంలే అనేవాడు. చూడనే లేదు.

పిచ్చుక మా మైదానంలోనే వాలీబాల్ నేర్చుకుంది. ఎగిరి కొట్టే ఎత్తు లేదు. వల దగ్గర నిలబడి, వచ్చిన బంతిని పది వేళ్లతో పైకి లేపి, కొట్టేవాళ్లకు అందించేది. మిగతా పిల్లలు లేపితే టప్ మని చప్పుడు వచ్చేది. ఈ పిల్ల లేపితే చప్పుడుండేది కాదు. బంతి వేళ్లలోకి దిగడం, లేవడం, ఎక్కడ కావాలో అక్కడ జానెడు తేడా లేకుండా నిలవడం. నేను గీతలు గీయడం ఆపి చూసేవాణ్ణి. నేను పని ఆపానంటే చిన్న విషయం కాదు.

పదిహేడో ఏట ఆ పిల్లకు పెద్ద జట్టు ఎంపికకు రమ్మని ఉత్తరం వచ్చింది. మా మైదానం నుంచి ఒక్కదానికే వచ్చింది. ఎంపికకు ఇంకా ఇరవై ఆరు రోజులుందనగా, ఆడుతుంటే బంతి నిటారుగా వేలికొసకు తగిలి కుడిచేతి నడిమివేలు బెణికింది. వాచి రెండింతలైంది. కోచ్ మేడమ్ పెద్ద ఆడపిల్లల జట్టును తీసుకుని నెలరోజులు ఊళ్లు తిరుగుతోంది. ఆపమని చెప్పేవాళ్లు అన్న తప్ప ఎవరూ లేరు.

"నాలుగు రోజులు మానెయ్యమ్మా" అన్నాడట ఆయన.

"మానేస్తే వెనకబడిపోతాను అన్నయ్యా. నొప్పి లేదులే" అందట.

మర్నాడు పొద్దున ఆయన స్నానానికి వెళ్తూ వంటింటి తలుపు సందులోంచి చూశాడు. పిచ్చుక ఉప్పునీళ్లు కాచుకుని, మగ్గులో వేళ్లు ముంచి, పెదవి కొరుక్కుంటూ ఏడుస్తోంది. చప్పుడు రాకుండా ఏడుస్తోంది.

ఆ రోజు నుంచి గాలి బాబాయి ఆ పిల్ల సాధన చేసే మూడు వాలీబాళ్లలో సూది గుచ్చి కొంచెం గాలి వదలడం మొదలుపెట్టాడు. ఎంత అంటే, ఒక ఊపిరి బయటికి విడిచేంతసేపు. ఊపిరెడు గాలి. త్రాసులో పెడితే ఒక్క గ్రాము కూడా తేడా రాదు. కానీ వేళ్లకు ఆ తేడా కొండంత. బంతి తగిలినప్పుడు నొప్పి పుట్టదు. వచ్చి వేళ్లలో కాసేపు కూర్చుంటుంది, తీరిగ్గా లేపవచ్చు.

"బాబాయ్, బంతి బరువుగా ఉంది, కొడితే భుజం లాగేస్తోంది" అన్నారు కొట్టే పిల్లలు.

"చలికి అలాగే ఉంటుంది. ఆడండి" అన్నాడు. బంతి విషయంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అదే.

పిచ్చుకకు అనుమానం రాలేదు. "అన్నయ్యా, ఈ మధ్య బంతి నా మాట వింటోంది!" అని ఇంటికి వచ్చి గెంతిందట. ఆ పిల్ల అప్పుడు లేపిన బంతులు నేనూ చూశాను. అంత అందంగా ఎప్పుడూ లేపలేదు. వేలు తగ్గగానే గాలి మళ్లీ నింపేద్దామన్నది ఆయన ఆలోచన. పన్నెండో రోజుకు వాపు తగ్గింది. పంపు చేతిలోకి తీసుకున్నాడు. బయట పిచ్చుక ఎవరితోనో నవ్వుతోంది, ఆ నవ్వు మెట్ల కిందికి వినపడింది. పంపు కింద పెట్టాడు. రేపు నింపుదాం అనుకున్నాడు. రేపు, మళ్లీ రేపు. అలా ఇరవై మూడు రోజులు గడిచిపోయాయి. నాకు అప్పుడే తెలిసి ఉంటే నేనే వెళ్లి పంపు తొక్కేవాణ్ణని చాలాసార్లు అనుకున్నాను. ఉత్తమాట. ఆ నవ్వు విని నేనూ పంపు దించేవాణ్ణే.

ఎంపికకు ముగ్గురం కలిసి వెళ్లాం. నేనెందుకంటే, ఆ పెద్ద మైదానంలో గీతలు ఎలా గీశారో చూడాలని. వంకరగా ఉన్నాయి, ఆ మాట ఇప్పుడు అనవసరం. కొత్త బంతులు, పెట్టెలోంచి తీసి గేజి పెట్టి మరీ నింపినవి, వలసంచీలో వేసి గంటసేపు ఎండలో ఉంచారు. పిచ్చుక వల దగ్గర నిలబడింది. మొదటి బంతి వచ్చింది. లేపింది. అది కొట్టాల్సిన అమ్మాయి నెత్తిమీదుగా వెళ్లి గీత అవతల పడింది. రెండోదీ అంతే. మూడోదాన్ని ఆపబోయి తడబడితే రెండు చేతులకూ విడివిడిగా తగిలింది, అది తప్పని ఈల ఊదారు. టప్, టప్ మని చప్పుడు. పిచ్చుక చేతుల్లోంచి ఆ చప్పుడు నేను ముందెప్పుడూ వినలేదు. పిల్ల ముఖం పాలిపోయింది. ప్రతి బంతికీ ముందు తన వేళ్లవైపు చూసుకోవడం మొదలుపెట్టింది. అలా చూసుకున్నాక ఎవరూ ఆడలేరు.

ఎంపిక చేసే ఆవిడ చెడ్డమనిషేం కాదు. పిలిచి, భుజం మీద చెయ్యి వేసి చెప్పింది. "ఆట తెలుసమ్మా నీకు. కానీ చేతులు మొరటు. ఈ స్థానానికి మొరటు చేతులు పనికిరావు."

అప్పుడే ఒక బంతి దొర్లుకుంటూ మా దగ్గరికి వచ్చింది. గాలి బాబాయి దాన్ని మోకాలి మీద పెట్టుకుని వేలితో నొక్కాడు. ఈసారి గోడవైపు చూడలేదు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఏమైందయ్యా అంటే నా చెవిలో చెప్పాడు, ఇరవై మూడు రోజుల సంగతి మొత్తం. చెప్పి లేచాడు.

"వెళ్లి చెప్పేస్తాను. పది నిమిషాలు ఇవ్వమంటాను. పది బంతులు లేపితే దాని చేతులకు గుర్తొస్తుంది."

నేను ఆయన చొక్కా అంచు పట్టుకున్నాను.

"నీకేమైనా పిచ్చా? బంతుల్లో గాలి తీశానని నీ నోటితో నువ్వే చెబుతావా? సాయంత్రానికి ఉద్యోగం ఊడుతుంది. రేపటినుంచి ఇద్దరూ ఏం తింటారు? పైగా ఆ పిల్లను అన్న గాలి తీస్తే ఆడేది అంటారు. కూర్చో."

నిలబడే ఉన్నాడు. నేను వదల్లేదు. కూర్చున్నాడు. అంతే, ఆ తర్వాత వేరేవాళ్ల పేర్లు పిలిచారు.

తిరుగు బస్సులో పిచ్చుక కిటికీ పక్కన కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద దాచుకుని కూర్చుంది. గాలి బాబాయి రెండుసార్లు నోరు తెరిచాడు. నేను కళ్లెర్రజేశాను. ఆయనను కాపాడుతున్నాను అనుకున్నాను. తెలివైనవాణ్ణని నా మీద నాకు భలే నమ్మకం ఆ రోజుల్లో.

పిచ్చుక మళ్లీ మైదానంలో అడుగుపెట్టలేదు. అది మేము ఊహించిందే, కొన్నాళ్లకు సర్దుకుంటుందిలే అనుకున్నాం. ఊహించనిది ఇంకోటి ఉంది. ఇంట్లో గ్లాసు జారితే, "నావి మొరటు చేతులు కదా" అనేది. నవ్వుతూ అనేది. సూదిలో దారం ఎక్కించమంటే పక్కవాళ్లకు ఇచ్చేది. మా అమ్మాయి పుట్టినప్పుడు ఎత్తుకోవే అంటే, "నా చేతులతోనా, వద్దు వదినా" అని రెండడుగులు వెనక్కి వేసింది. పిల్ల అందంగా సిగ్గుపడుతోంది అనుకుంది మా ఆవిడ. నాకు తెలుసు అది సిగ్గు కాదని. అయినా ముద్ద దిగింది, నిద్ర పట్టింది.

మైదానం గేటు ఎదురుగా కట్టుడు పళ్లు చేసే చిన్న దుకాణం ఉండేది. మైనంతో పన్ను చెక్కి, పాలిష్ పట్టి పళ్ల డాక్టర్లకు పంపేవాళ్లు. ఆ యజమాని పిచ్చుక ఆట ఏళ్లతరబడి చూసినవాడు. పనిగట్టుకుని ఇంటికి వచ్చాడు. "అమ్మాయ్, నీ వేళ్లు నాకు కావాలి. ఏడాదిలో పని నేర్పుతాను, తర్వాత నీ కాళ్ల మీద నువ్వు నిలబడతావు" అన్నాడు. గాలి బాబాయి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఒప్పుకోలేదు. "సన్నపని నా వల్ల కాదన్నయ్యా, పాడు చేసి ఆయన చేత మాట పడాలి" అంది. అట్టపెట్టెలు మడిచే కార్ఖానాలో చేరింది. పెట్టెలు మడవడానికి ఏ చేతులైనా పనికొస్తాయి. ఆ దుకాణాయన వేరే పిల్లను తీసుకుని నేర్పాడు. ఆ పిల్లకు ఇప్పుడు సొంత దుకాణం ఉంది, ఇద్దరు పనివాళ్లు ఉన్నారు. ఆ వీధిలో వెళ్లాల్సి వస్తే గాలి బాబాయి ఎదుటి పక్కనుంచి నడిచేవాడు.

ఆ ఎంపిక నుంచి వచ్చిన మర్నాడే గేజి మేకు దిగింది. ప్రతి బంతికీ మూడుసార్లు పెట్టి చూసేవాడు. వేలు మాత్రం పెట్టేవాడు కాదు. కోచ్‌లు అడిగితే వయసు మీదపడింది, వేలు మొద్దుబారింది అనేవాడు. ముప్పై ఆరేళ్లకే. నాకు టీలు కూడా పోయాయి.

ఏడాదికోసారి, ఒక్కోసారి రెండేళ్లకోసారి అడిగేవాడు. "దానికి చెప్పెయ్యనా?"

"మానిన గాయాన్ని కెలుకుతావా?" అనేవాణ్ణి నేను.

మానిందో లేదో ఇద్దరిలో ఒక్కరం కూడా వెళ్లి చూడలేదు. పిచ్చుకకు పెళ్లయింది, రెండు వీధుల అవతల కాపురం, అదే కార్ఖానాలో ఉద్యోగం. ఆదివారాలు అన్నకు కూర వండి తెస్తుంది. గిన్నెను రెండు చేతులతో, అతి జాగ్రత్తగా పట్టుకుని తెస్తుంది. ఆ జాగ్రత్త చూస్తే నాకు ఒళ్లు మండేది. మంట నా మీదే, కానీ విసుక్కునేది ఆ పిల్లను.

పోయిన నెల గాలి బాబాయి ఉద్యోగానికి ఆఖరి రోజు. నేను రెండేళ్ల ముందే దిగిపోయాను కాబట్టి ఖాళీగా ఉన్నాను. గది సర్దడానికి మధ్యాహ్నం వెళ్లాను, నెత్తి మళ్లీ కొట్టుకుంది. కాసేపటికి పిచ్చుక వచ్చింది. ముప్పై తొమ్మిదేళ్లు, జుట్టులో అక్కడక్కడ తెలుపు. ఇరవై రెండేళ్ల తర్వాత ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి. చీపురు పట్టుకుని, పాత సూదులు ఏరి, అన్నను, నన్ను ఆటపట్టిస్తూ హాయిగానే ఉంది.

పై అర వెనక ఎప్పుడో పడిపోయిన ఒక వాలీబాల్ బయటపడింది. తోలు వెలిసిపోయింది. గాలి కొంత దిగి ఉంది. పిచ్చుక దుమ్ము తుడిచి, ఏమీ ఆలోచించకుండానే పైకి విసిరి వేళ్లతో లేపింది.

చప్పుడు రాలేదు.

మళ్లీ లేపింది. ఆ వాలు కప్పుకు తగలకుండా, ఉన్న మూరెడు చోటులో పది పన్నెండుసార్లు లేపింది. ముఖం పదిహేడేళ్ల పిల్ల ముఖంలా వెలిగింది.

"ఇదీ! నా బంతి ఇలాగే ఉండేది అన్నయ్యా. ఆ రోజు ఆ ఊళ్లో బంతే వేరేగా ఉంది." అంటూనే నవ్వేసింది. "అనుకుంటాం గానీ, పాపం బంతిదేముంది. చేతులు మొరటు."

గాలి బాబాయి పీట మీద కూర్చుండిపోయాడు. నావైపు చూశాడు. ఈసారి నేను కళ్లెర్రజేయలేదు. నాకూ ఓపిక అయిపోయింది. ఆయన చెప్పాడు. మగ్గులో ఉప్పునీళ్ల దగ్గర మొదలుపెట్టి, సూది, ఊపిరెడు గాలి, చలికి అలాగే ఉంటుందని ఆడిన అబద్ధం, ఎండలో వలసంచీ, అన్నీ వరసగా చెప్పాడు. పిచ్చుక బంతిని పొట్టకు ఆనించుకుని నిలబడి విన్నది.

"ఎన్ని రోజులు?" అంది.

"ఇరవై మూడు."

"సున్నం అన్నయ్యా, నీకూ తెలుసా?"

"తెలుసు" అన్నాను. "ఆ రోజు లేచి చెప్పబోయాడు. చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది నేనే. ఉద్యోగం ఊడుతుందని..."

నా మాట పూర్తికాలేదు.

"ఆట పోతే పోయింది" అంది పిచ్చుక. గొంతు పెంచలేదు. "ఆడినవాళ్లందర్నీ తీసుకుంటారా? వాళ్లకు చెప్పకపోతే మానె. ఇంటికొచ్చాక నాకు చెప్పొచ్చుగా. తప్పు నీ చేతులది కాదే అని ఒక్క మాట. దానికి ఎవరి ఉద్యోగమూ ఊడదుగా."

మేమిద్దరం ఇరవై రెండేళ్లు చెప్పాలా వద్దా అని నలిగిపోయాం గానీ, ఆ పూటే, ఆ పిల్లకు ఒక్కదానికే, ఇంట్లో కూర్చోబెట్టి చెప్పవచ్చన్న సంగతి మాకు తట్టనే లేదు. అంత చిన్న దారి. నేను ఉద్యోగం గురించి ఆలోచించాను, ఆయన తన తప్పు గురించి ఆలోచించాడు. ఆ పిల్ల చేతుల గురించి ఎవరం ఆలోచించలేదు.

గాలి బాబాయి ఏడుస్తున్నాడు. పిచ్చుక ఓదార్చలేదు. ఓదార్చాలని నేనూ కోరుకోలేదు.

"దీంట్లో గాలి నింపు" అని బంతి ఆయనకు ఇచ్చింది. "ఎంత ఉండాలో అంత."

ఆయన కళ్లు తుడుచుకుని, సూది తడిపి గుచ్చి పంపు తొక్కాడు. అలవాటుగా గేజి కోసం చెయ్యి చాచాడు.

"అది వద్దు. వేలితో చూడు" అంది.

బంతిని మోకాలి మీద పెట్టుకున్నాడు. బొటనవేలితో నొక్కాడు. గోడవైపు చూశాడు. మళ్లీ నొక్కాడు. ఇంకోచోట నొక్కాడు.

"తెలియడం లేదమ్మా" అన్నాడు.

పిచ్చుక బంతి తీసుకుంది. పది వేళ్లూ దాని చుట్టూ పరిచి కాసేపు అలాగే పట్టుకుంది. ఒక్కసారి పైకి లేపి అందుకుంది.

"ఇంకో రెండు పంపులు" అంది.

ఆయన రెండు పంపులు తొక్కి ఇచ్చాడు. మళ్లీ ఒక్కసారి లేపింది.

"ఇది. ఆ రోజు ఇదే" అని బంతి నా చేతిలో పెట్టింది.

గేజి మేకుకు నా పక్కనే ఉంది. తీసి బంతికి పెట్టాను. ముల్లు వణికి, సరిగ్గా ఎర్రగీత మీద ఆగింది. వెంట్రుకవాసి కూడా ఇటు లేదు, అటు లేదు. జీవితమంతా గీతలు గీసినవాణ్ణి, నా కళ్లు మోసపోవు. ఇది చూపిస్తే ఏమవుతుందోనని ఒక్క క్షణం భయం వేసింది. కానీ దాచడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. గేజి ఆమెవైపు తిప్పాను.

పిచ్చుక ముల్లును చూసింది. తర్వాత తన చేతులు ముందుకు చాపి, ఇటూ అటూ తిప్పి చూసుకుంది. పెట్టెల అట్ట కోసుకుని వేళ్లనిండా సన్నటి గాట్లు. మా ఇద్దరి వైపూ చూడకుండా, బంతి అక్కడే వదిలేసి, తల వంచుకుని గుమ్మం దాటి వెళ్లిపోయింది.